బండి నడుస్తుండగానే ట్రైలర్ బ్యాటరీ నింపుకోవడం: నాలుగేళ్లు వాడాక నా మాట

మాది నల్లగొండ. నాది బత్తాయి జ్యూస్ ట్రైలర్. బొలెరో పికప్‌కు తగిలించుకొని దేవరకొండ, హాలియా అంగళ్లకు పోతాను. సాగర్ గేట్లు ఎత్తితే డ్యామ్ దగ్గర నిలబెడతాను. చెరువుగట్టు, కురుమూర్తి జాతరలు వదలను. ట్రైలర్‌లో 12 వోల్టుల ఫ్రిజ్, ఎల్ఈడీ లైట్లు, ఒక ఫ్యాన్, ఇన్వర్టర్ మీద నడిచే మిక్సీ ఉన్నాయి. నేను జ్యూస్‌లో ఐస్ వేయను, కాయలనే ముందుగా చల్లబరిచి పిండుతాను. ఫ్రిజ్ ఆగిపోతే నా బేరం కూడా ఆగిపోయినట్టే.

మొదట్లో పెట్రోల్ జనరేటర్ పెట్టుకున్నాను. ఆ చప్పుడుకు గిరాకీ చెప్పేది నాకు వినపడేది కాదు, చేతిలో గ్లాసు పట్టుకున్నవాళ్లు పొగకు పక్కకు జరిగేవాళ్లు. ఎలాగూ రోజుకు మూడు గంటలు బండి నడుపుతున్నాను, ఇంజన్ తిరుగుతూనే ఉంది, ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే దాని ఆల్టర్నేటర్ నుంచే ట్రైలర్ బ్యాటరీ నింపుకుంటే పోలా అనుకున్నాను. ఆలోచన సరైనదే. కానీ అది సరిగ్గా పనిచేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. తప్పు ఎక్కడ జరిగిందో రాస్తే ఇంకొకరి డబ్బులు మిగులుతాయని ఇది రాస్తున్నాను.

2021లో ట్రైలర్ తీసుకున్నప్పుడు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పెట్టించాను, ఇళ్లలో ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకమే. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఒక ఆంపియరు చొప్పున గంటసేపు పారే కరెంటు. పికప్ బ్యాటరీ నుంచి ట్రైలర్ దాకా ఒక వైరు లాగి, లైట్లు, ఇండికేటర్లకు వాడే ఏడు పిన్నుల ప్లగ్గులోనే కలిపారు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది. ఇంట్లో ప్లగ్ పాయింట్లకు వేసే సైజు అది. బ్యాటరీ పెద్దది, వైరు కొత్తది, ఇంక ఏమవుతుందిలే అనుకున్నాను.

దేవరకొండ అంగడికి గంటన్నర ప్రయాణం. పొద్దున పోయి కొట్టు తెరిస్తే పదకొండు దాటేసరికి ఫ్రిజ్ బీప్ బీప్ మని ఆగిపోయేది. బ్యాటరీ పాడైందేమోనని రెండుసార్లు చూపించాను, బాగానే ఉందన్నారు. చివరికి మా దగ్గరి ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ తెచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, కొంచెం రేజ్‌లో ఉంచమన్నాడు. పికప్ బ్యాటరీ మీద 14.2 వోల్టులు. వెనక్కి వచ్చి ట్రైలర్ బ్యాటరీ మీద పెడితే 12.9. తర్వాత ఏడు పిన్నుల ప్లగ్గును నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి కొద్దిగా మెత్తబడింది.

"అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బోరుంటే మోటరు మంచిగ నడుస్తది. లైను ఆఖరున ఉన్న బోరుకు లో వోల్టేజీ ఎందుకొస్తది? గింత సన్న వైరుతోని ఎనిమిది మీటర్లు పోవాలె, మళ్ల ఎనిమిది మీటర్లు రావాలె. నీ కరెంటు తొవ్వలనే అయిపోతుంది" అన్నాడు.

ఆ రాత్రి కూర్చొని లెక్క వేశాను. 2.5 రాగి వైరుకు మీటరుకు ఏడు మిల్లీ ఓమ్‌ల పైన నిరోధం ఉంటుంది. పోయేది, వచ్చేది కలిపి 16 మీటర్లు. పది ఆంపియర్లు పారితే ఆ వైరులోనే 1.2 వోల్టులు పోతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే దాని కొనల దగ్గర 14.4 వోల్టులు కావాలి. 12.9 దగ్గర నాలుగైదు ఆంపియర్ల కన్నా ఎక్కువ లోపలికి పోవు. అంటే గంటన్నర ప్రయాణంలో నా 150 ఏహెచ్ బ్యాటరీకి చేరింది ఏడు ఏహెచ్! ఫ్రిజ్ రెండు మూడు గంటల్లో తాగేసేంత.

అదే రోజుల్లో ఇంకో దెబ్బ తగిలింది. హాలియాలో సాయంత్రం కొట్టు కట్టేసి తాళం తిప్పితే పికప్ స్టార్ట్ కాలేదు. మధ్యలో రిలే, అంటే తనంతట తానే లింకు కలిపి తెంపే స్విచ్, ఏమీ లేకుండా వైరు నేరుగా కలిపి ఉంది కదా, ట్రైలర్ బ్యాటరీ అయిపోయాక ఫ్రిజ్ ముందున్న బండి బ్యాటరీని కూడా లాగేసింది. పక్కన అరటిపండ్లు అమ్మేవాళ్లు నలుగురు వచ్చి ట్రైలర్ విప్పించి, తోసి స్టార్ట్ చేయించారు. ఇంజన్ ఆగగానే ఈ రెండు బ్యాటరీల మధ్య లింకు తెగిపోవాల్సిందే. ఇది లేకుండా ఎవరు వైరింగ్ చేసి ఇచ్చినా తీసుకోకండి.

తర్వాత 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించాను. ప్లస్‌కు ఒకటి, మైనస్‌కు ఒకటి. మైనస్‌కు ఛాసిస్ చాలు కదా అని షాపులో అన్నారు. పికప్ ఛాసిస్‌కూ ట్రైలర్ ఛాసిస్‌కూ మధ్య ఉన్నది హుక్కు మాత్రమే, దానికి గ్రీజు, దుమ్ము, తుప్పు. అక్కడి నుంచి 30 ఆంపియర్లు పోవాలంటే ఎలా పోతాయి? మైనస్‌కు విడిగా వైరు తప్పదు. ప్లగ్గు కూడా మార్చాను. ఈ-ఆటోల బ్యాటరీలకు వాడే 50 ఆంపియర్ల అండర్సన్ కనెక్టర్ ఈ-ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరికింది. వైరుకు రెండు చివర్లా, బ్యాటరీల పక్కనే ఒక్కో ఫ్యూజ్ పెట్టించాను. రెండు వైపులా బ్యాటరీలే కాబట్టి మధ్యలో ఎక్కడ వైరు ఒరుసుకొని షార్ట్ అయినా రెండు దిక్కుల నుంచీ మంట పుట్టించేంత కరెంటు వస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి, రెండు ఫ్యూజులు వేయండి.

మధ్యలో వోల్టేజీ చూసి కలిపే రిలే పెట్టాను. ఇంజన్ నడుస్తూ వోల్టేజీ 13.3 దాటితే కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. అప్పుడు చూడాలి తేడా! మొదటి అరగంట 20 నుంచి 25 ఆంపియర్లు. ఫ్రిజ్ సాయంత్రం దాకా ఆగలేదు. ఈ వైరు, కనెక్టర్, రిలే, ఫ్యూజులు అన్నీ కలిపి నాకు ఏడు వేల లోపే పడింది. పాత రకం ఆల్టర్నేటర్ ఉన్న బండి, లెడ్ యాసిడ్ బ్యాటరీ, రోజూ రెండు మూడు గంటల ప్రయాణం, రాత్రి తప్పకుండా కరెంటుకు పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనైతే ఖరీదైన ఛార్జర్ డబ్బా కొనే ముందు మంచి వైరు వేయించుకోమనే చెబుతాను. వైరు సన్నగా ఉంటే ఏ డబ్బా పెట్టినా లాభం లేదు.

మరి నేను ఎందుకు ఆగలేదంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 శాతం దాకా చకచకా నిండుతుంది, మిగతా 20 శాతానికి గంటలు గంటలు తీసుకుంటుంది. నా ప్రయాణం అంతసేపు ఉండదు. రాత్రి ఇంటికొచ్చాక కరెంటుకు పెట్టిన రోజు పెట్టాను, అలసిపోయి పడుకున్న రోజు పెట్టలేదు. ఎప్పుడూ సగం కడుపుతో ఉండీ ఉండీ ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకొని 20 నెలలకే బ్యాటరీ చచ్చిపోయింది. పైగా 50 కిలోల పైన బరువు, గుంతల రోడ్డులో యాసిడ్ చిలికి బ్యాటరీ పెట్టె అడుగు రేకు తినేసింది.

2023 మొదట్లో 100 ఏహెచ్ లిథియం బ్యాటరీకి మారాను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అంటారు, 12.8 వోల్టులది. బరువు 12 కిలోలు. దీన్ని రిలేతో నేరుగా కలపకూడదు. దీని లోపలి నిరోధం చాలా తక్కువ, ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంత లాగేసుకుంటుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే మధ్యలో 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాను. ముందు నుంచి 13 వచ్చినా 14 వచ్చినా దాన్ని పెంచో తగ్గించో బ్యాటరీకి కావాల్సిన 14.2 వోల్టులు తయారుచేసి ఇస్తుంది, 30 ఆంపియర్లకు మించి లాగనివ్వదు. ఇగ్నిషన్ నుంచి ఒక సన్న వైరు దానికి ఇచ్చాను, తాళం ఆఫ్ చేస్తే అదీ ఆఫ్. ఛార్జర్‌కు 19 వేలు, బ్యాటరీకి 28 వేలు పెట్టాను.

పొగ నిబంధనల ప్రకారం వచ్చిన కొత్త బీఎస్6 బండ్లున్న వాళ్లకు ఈ డబ్బా ఇంకా ముఖ్యం. మిర్యాలగూడలో మా బావ కొత్త పికప్‌కు నా పాత రిలే ఇస్తే అది పది నిమిషాలకోసారి టక్కున పడుతూ లేస్తూ ఉండేది. చాలా కొత్త బండ్లలో ముందు బ్యాటరీ నిండగానే డీజిల్ ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తుంది. రిలే దాన్ని చూసి ఇంజన్ ఆగిందనుకుంటుంది. అలాంటి బండికి డీసీ-డీసీ ఛార్జరే దారి.

ఇప్పుడు నా రోజు లెక్క ఇలా ఉంది. ఎండాకాలం ఫ్రిజ్‌కు 45 ఏహెచ్, లైట్లు, ఫ్యాన్‌కు 15. మిక్సీ తిరిగినంతసేపు 70 ఆంపియర్ల దాకా లాగుతుంది కానీ రోజు మొత్తం కలిపి పావుగంట కూడా తిరగదు, అది 17. మొత్తం 77. దేవరకొండ పోను రాను మూడు గంటలు, 30 చొప్పున 90. ప్రయాణంలో ఫ్రిజ్ తాగేది పోయినా సరిపోతుంది. రాత్రి ఇంట్లో ప్లగ్గు వెతకాల్సిన పని లేదు. కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా కురుమూర్తికి పోయినప్పుడైతే ఐదు గంటల ప్రయాణం, ఖాళీ బ్యాటరీతో బయల్దేరినా మహబూబ్‌నగర్ చేరేసరికి నిండిపోతుంది.

ఇది చేయలేనిది కూడా ఉంది. చెరువుగట్టు మాకు అరగంట దూరం. అరగంటకు 15 ఏహెచ్, అంతే. జాతరలో బండి మూడు రోజులు కదలదు. మొదటిసారి ఈ ఛార్జర్‌ను నమ్ముకొని పోయి రెండో రోజు మధ్యాహ్నానికి బ్యాటరీ ఖాళీ అయి చిక్కుకుపోయాను. ఇంజన్ ఊరికే ఆన్ చేసి పెడదామంటే, ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ తన శక్తిలో సగం కూడా ఇవ్వదు. వోల్టేజీ దిగిపోయి ఛార్జర్ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. గంటసేపు డీజిల్ కాల్చి వచ్చింది చూస్తే బాధేసింది. ఇప్పుడు జాతరలకు ముందురోజు ఇంట్లో కరెంటుతో నింపుకొని, ట్రైలర్ పైన 200 వాట్ల సోలార్ ప్లేటు పరిచి పోతున్నాను. ఒకేచోట నిలబెట్టి అమ్మేవాళ్లు డీసీ-డీసీ ఛార్జర్ జోలికి పోకుండా ఆ డబ్బు సోలార్‌కే పెట్టడం మంచిది.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. మా దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. ఛార్జర్‌ను మొదట బ్యాటరీ పెట్టెలోనే బిగించారు. మధ్యాహ్నం ప్రయాణాల్లో 30 రావాల్సింది 18కి పడిపోయేది. ఈ డబ్బాలు 40 డిగ్రీలు దాటితే తమను తాము కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకుంటాయి. పెట్టెలోంచి తీసి, ట్రైలర్ ముందు గోడకు లోపలి వైపు, వెనకాల రెండు వేళ్లు పట్టేంత సందు వదిలి, పక్కన కంప్యూటర్లకు వాడే చిన్న 12 వోల్టుల ఫ్యాన్ పెట్టాను. అప్పటి నుంచి 27, 28కి తగ్గలేదు. లిథియం బ్యాటరీని కూడా ఎండ తగిలే రేకుకు ఆనించకండి, వేడి మరీ ఎక్కువైతే చాలా బ్యాటరీల్లో వాటిని కాపాడే లోపలి బోర్డే ఛార్జింగ్ ఆపేస్తుంది.

ఆ పాత ప్లగ్గు, పాత బ్యాటరీ కాకుండా నాలుగేళ్లలో పాడైనవి రెండే. ఆల్టర్నేటర్ బెల్టు వదులై కీచుమంటే మార్చాను, పని ఎక్కువైంది కాబట్టి అది న్యాయమే. రెండోది అండర్సన్ కనెక్టర్, లోపల ఎర్రమట్టి చేరి వేడెక్కింది. ఇప్పుడు విప్పినప్పుడల్లా మూత పెడుతున్నాను. గమ్యం చేరగానే ఒకసారి దాన్ని చేత్తో పట్టి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే ఎక్కడో లూజు ఉన్నట్టు.

డీజిల్ ఎంత ఎక్కువ తాగుతుందని అందరూ అడుగుతారు. ఛార్జర్ ఇచ్చేది 400 వాట్లు అనుకుంటే, మధ్యలో పోయే నష్టాలు కలిపి ఇంజన్ మీద పడే భారం సుమారు ఒక హార్స్‌పవర్. గంటకు పావు లీటరు డీజిల్, అటూ ఇటూగా. మూడు గంటలకు ముప్పావు లీటరు. నా పాత జనరేటర్ సాయంత్రం ఒక్క పూటకే రెండున్నర లీటర్ల పెట్రోల్ తాగేది.