ఫైర్‌ఫైటర్ ఉద్యోగం కోచింగ్ రివ్యూ: ఫిజికల్‌కి కళ్లు మూసుకుని చేరొచ్చు, ఇంటర్వ్యూకి మాత్రం వద్దు

లోకల్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో సెలెక్ట్ అయ్యేలా తయారుచేస్తాం అనే కోచింగ్ ఒకటి తీసుకున్నా, దాని గురించే ఈ రివ్యూ. పేరు రాయట్లేదు. ప్యాకేజీలో రాతపరీక్ష, ఫిజికల్, ఇంటర్వ్యూ మూడూ ఉన్నాయి కానీ మూడింటికీ కలిపి ఒకే రేటింగ్ ఇస్తే అన్యాయం అయిపోతుంది, అందుకని విడివిడిగా చెప్తా.

ముందు ఫిజికల్, దీనికి 5కి 5. అమెరికా, కెనడాల్లో చాలా డిపార్ట్‌మెంట్లు సీపాట్ (CPAT, అభ్యర్థి ఒంటి సత్తా చూసే పరీక్ష) అనే టెస్ట్ పెడతాయి కదా, మొత్తం 8 ఈవెంట్లు, ఒకదాని తర్వాత ఒకటి ఆపకుండా 10 నిమిషాల 20 సెకన్లలో అయిపోవాలి, ఒంటి మీద 50 పౌండ్ల బరువు జాకెట్ (వెస్ట్) అంటే దాదాపు 23 కేజీలు టెస్ట్ మొత్తం ఉంటుంది. మొదటి ఈవెంటే మెట్లు. దానికి భుజాల మీద ఇంకో 25 పౌండ్లు పెడతారు, మొత్తం 34 కేజీలు మోస్తూ నిమిషానికి 60 మెట్ల చొప్పున 3 నిమిషాలు ఎక్కాలి, పక్కనుండే రెయిల్ పట్టుకుంటే రెండుసార్లు వార్నింగ్ ఇస్తారు, మూడోసారి పట్టుకుంటే ఫెయిల్. చాలామంది ఇక్కడే పోతారని భయపడతారు, ఆ భయంతో ఊరికే పరుగులు తీస్తూ ఉంటారు, కానీ పరుగు ఊపిరి వేరు, బరువు మోస్తూ మెట్లెక్కే ఊపిరి వేరు. ఈ కోచ్ మొదటి రోజే ఆ మాట చెప్పి అందరినీ స్టెప్‌మిల్ (మెట్లు తిరుగుతూ ఉండే మెషీన్) ఎక్కించాడు, బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లాడు, చూపు కాళ్ల వైపు పోనివ్వకుండా ఎదురుగా ఒక చోటే పెట్టమనేవాడు, ఎందుకంటే కిందకి చూస్తే నడుము వంగుతుంది, నడుము వంగితే చెయ్యి దానంతటదే రెయిల్ మీదకి పోతుంది.

నాకు ఇంకా నచ్చింది ఏంటంటే చేతి పట్టు మీద పెట్టిన శ్రద్ధ. మెట్లు దిగగానే హోస్ (నీళ్ల పైపు) లాగుడు, తర్వాత రెండు రంపాలు రెండు చేతుల్లో మోసుకెళ్లి తిరిగి తేవడం, 24 అడుగుల నిచ్చెన లేపడం, 10 పౌండ్ల సుత్తితో కొట్టడం, చీకటి సొరంగంలో పాకడం, 165 పౌండ్ల మనిషి బొమ్మని ఈడ్చుకెళ్లడం, చివర్లో పొడుగు కర్రతో సీలింగ్‌ని పొడిచి లాగడం. ఇలా లైన్‌గా చదివితే కాళ్ల పని లాగా ఉంటుంది కానీ చివరికి వచ్చేసరికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, సీలింగ్ దగ్గర 3 పొడుపులు 5 లాగుళ్లు కలిపి ఒక సెట్టు, అలాంటివి 4 చేయాలి, అక్కడ కర్ర చేతిలోంచి జారుతుంటే ఎంత ఊపిరి ఉన్నా లాభం లేదు. అందుకే మా కోచ్ సుత్తి దగ్గర భుజంతో కాదు తుంటి తిప్పి కొట్టమని, బొమ్మని లాగేటప్పుడు చేతులు మడవకుండా చాచి ఉంచి ఒళ్లు వెనక్కి వాల్చి చిన్న అడుగులు వేయమని పదే పదే సరిచేసేవాడు. ఒక ఈవెంట్ నుంచి ఇంకోదానికి నడిచే 85 అడుగుల దూరంలో పరిగెత్తకూడదని రూల్, ఆ నడకలో వేళ్లు విదిలించుకుని ఊపిరి సర్దుకోవడం కూడా నేర్పాడు. వీడియోలు చూసి ఇవన్నీ రావు, పక్కన నిలబడి చూసేవాడు ఉండాలి.

ఒక్క విషయం మాత్రం వీళ్లు ముందే చెప్పాల్సింది. లైసెన్స్ ఉన్న సీపాట్ సెంటర్ వాళ్లే టెస్ట్‌కి ముందు 8 వారాల్లో రెండు ఓరియెంటేషన్ సెషన్లు, చివరి 30 రోజుల్లో రెండు టైమ్డ్ ప్రాక్టీస్ రన్‌లు ఇవ్వాలి, అది రూల్. అసలు సామాన్ల మీద అసలు గడియారంతో చేసే ప్రాక్టీస్ అది, ఈ ప్రాక్టీస్ మాకొద్దని సంతకం పెట్టే ఆప్షన్ ఉన్నా దయచేసి పెట్టకండి.

రాతపరీక్ష మెటీరియల్ 5కి 3. చదివి అర్థం చేసుకోవడం, మామూలు లెక్కలు, గేర్లు పుల్లీలు, మ్యాప్ చూసి దారి చెప్పడం, అంతే. మంచి ప్రాక్టీస్ పుస్తకం ఒకటి ఉంటే ఇంట్లో కూర్చుని అయిపోతుంది.

ఇక ఇంటర్వ్యూ, దీనికి 5కి 1. ఇదే నాకు బాగా బాధ కలిగించింది, ఎందుకంటే అసలు ఉద్యోగం తేలేది ఇక్కడే. సీపాట్‌లో పాస్ లేదా ఫెయిల్, అంతే, 8 నిమిషాల్లో పూర్తిచేసినా 10 నిమిషాల 19 సెకన్లలో చేసినా ఒకటే, ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. చాలా చోట్ల లిస్టులో మన పేరు పైన ఉండేదీ కింద ఉండేదీ రాతపరీక్ష, ప్యానెల్ ఇంటర్వ్యూ మార్కులతోనే, డిపార్ట్‌మెంట్ ఖాళీలు వచ్చినప్పుడు ఆ లిస్టు పైనుంచి పిలుస్తుంది, లిస్టు గడువు అయిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలు. అలాంటి ఇంటర్వ్యూకి వీళ్లు ఇచ్చింది ఏంటంటే జవాబులు ప్రింట్ తీసిన కాగితాల కట్ట. మాక్ ఇంటర్వ్యూలో మా బ్యాచ్ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి "ఫైర్‌ఫైటర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావు" అంటే అందరూ అదే వాక్యం, చిన్నప్పటి నుంచి జనానికి సాయం చేయాలని ఉండేది అని, అదే ఊపులో అప్పజెప్పారు, అడిగేవాళ్లు కూడా బాగుంది బాగుంది అని టిక్ పెట్టి పంపించేశారు. మీ క్రూలో ఒకతను పేషెంట్ ఇంట్లో డబ్బు తీయడం చూశావు, ఏం చేస్తావు అనే ప్రశ్నకి కూడా కాగితంలో రెడీమేడ్ జవాబు ఉంది, దాని మీద ఎదురు ప్రశ్న ఒక్కటి కూడా వేయలేదు. నిజం ప్యానెల్‌లో కెప్టెన్లు కూర్చుంటారు, 24 గంటల షిఫ్టులో తమ పక్కన వండుకుని తిని పడుకునే మనిషిని వెతుక్కుంటున్నారు వాళ్లు, బట్టీ జవాబు పట్టుకోవడం వాళ్లకి ఎంతసేపు?

ఇంకో లోటు, ఈ ఉద్యోగంలో రోజూ ఉండే పని ఏంటో కోర్సులో ఎక్కడా చెప్పలేదు. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకి వచ్చే కాల్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు మెడికల్ కాల్స్, గుండెనొప్పి, కిందపడిన పెద్దవాళ్లు, ఇలాంటివి. అందుకే చాలా డిపార్ట్‌మెంట్లు ఈఎంటీ (అత్యవసర వైద్య సాయం చేసేవాళ్ల) సర్టిఫికెట్ ముందే ఉండాలంటాయి, ఇంకొన్ని ఉద్యోగంలోకి తీసుకున్నాక ట్రైనింగ్ ఇచ్చే అకాడమీలో చేయిస్తాయి. మంటల ఫోటోలు గోడల నిండా పెట్టి ఈ సంగతి దాచడం తప్పు, రక్తం చూడలేనివాళ్లు ఎవరైనా ఉంటే ముందే తెలుసుకునేవాళ్లు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ గురించి కూడా ఒక్క క్లాస్ లేదు. పాత ఉద్యోగాలు, డ్రైవింగ్ రికార్డు, రిఫరెన్సులు అన్నీ తవ్వుతారు, అప్లికేషన్‌లో రాయని పాత ట్రాఫిక్ టికెట్ ఒకటి బయటపడితే టికెట్ కన్నా దాన్ని దాచడమే పెద్ద సమస్య అవుతుంది. ఇది దాటి కండిషనల్ ఆఫర్ వచ్చాక మెడికల్, ఆ తర్వాత అకాడమీ, ఆ తర్వాత ప్రొబేషన్, దారి ఇంకా చాలా ఉంది.

కాబట్టి చేరాలనుకునేవాళ్లు ఫిజికల్ బ్యాచ్ ఒక్కటే విడిగా ఇస్తారేమో గట్టిగా అడగండి, నేను అడిగితే ఇచ్చేవాళ్లని తర్వాత తెలిసింది, బ్రోచర్‌లో మాత్రం రాయలేదు. మిగిలిన డబ్బు ఈఎంటీ క్లాస్‌కి పెట్టండి. ఇంటర్వ్యూకి మాత్రం మీరు అప్లై చేసే డిపార్ట్‌మెంట్ స్టేషన్‌కి ముందు ఫోన్ చేసి, రమ్మంటే వెళ్లండి, చాలా చోట్ల రైడ్-అలాంగ్ పెట్టి ఒక షిఫ్ట్ ఇంజిన్‌లో కూర్చోనిస్తారు, అక్కడ ట్రక్ చెక్ చేయడం, కాల్ అయ్యాక హోస్ మడిచి సర్దడం, కిచెన్ కడగడం దాకా అన్నీ చూసి, కొత్తగా చేరినవాళ్లని ఏం కష్టం అనిపించిందో అడగండి.