విదేశీ అల్లుడితో దేశాలు తిరగాలంటే: నేపాల్–భూటానా, థాయ్‌లాండ్ వైపా, యూరపా?

శ్రీకాకుళం జిల్లాలో విదేశీ కోడలో అల్లుడో ఉన్న ఇళ్లు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. ఓడల మీద పనికి వెళ్లినవాళ్లు, సింగపూర్‌లో వెల్డింగ్ చేసేవాళ్లు, జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు అక్కడే నచ్చినవాళ్లని పెళ్లి చేసుకుంటున్నారు. మా పిన్ని కూతురూ అంతే. భర్తది జర్మన్ పాస్‌పోర్టు, తనది మన పాస్‌పోర్టు. ఆమదాలవలసలో పిన్ని వాళ్లింట్లో కొన్నాళ్లు ఉండి, ఇక్కడి నుంచే ఇద్దరూ రెండు మూడు దేశాలు చూసి రావాలని వాళ్ల కోరిక. "అక్కా, ఏ వైపు వెళ్తే మాకు టెన్షన్ తక్కువ?" అని చెల్లి అడిగింది. "పెళ్లయిపోయింది కదమ్మా, ఇంకా ఇద్దరికీ వేరువేరు వీసాలేటి?" అని పిన్ని సందేహం.

పిన్ని సందేహంలోనే అసలు విషయం ఉంది. పెళ్లయినా పాస్‌పోర్టు మారదు. సరిహద్దు దగ్గర కూర్చున్న అధికారి జంటను చూడడు, ఒక్కొక్క పాస్‌పోర్టును విడివిడిగా చూస్తాడు. పెళ్లి సర్టిఫికెట్‌కి నిజంగా విలువిచ్చే దారి ఈ మూడింటిలో ఒక్కటే ఉంది. దాని గురించి కిందికి వెళ్లాక చెబుతాను.

చాలామంది ముందు టికెట్ రేటు చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి రెండు. వెళ్లే ప్రతి దేశంలో ఇద్దరిలో ఎవరికి కాగితం ఎక్కువ కావాలి? తిరిగి ఇండియాలోకి రావడానికి విదేశీ భాగస్వామికి ఏం కావాలి? ఈ రెండో ప్రశ్న దాదాపు ఎవరికీ గుర్తుండదు, జంటలు ఇరుక్కునేది అక్కడే.

నేపాల్, భూటాన్

పక్కనే కదా, సులువుగా అయిపోతుందని అందరూ అనుకునే దారి ఇది. మనకు నిజంగానే సులువు. 1950 ఒప్పందం పుణ్యమా అని నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, ఆధార్ మాత్రం సరిపోదు. జర్మన్ భర్త ఖాట్మండులో దిగాక వీసా తీసుకోవాలి. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50 డాలర్లు. అదేమంత భారం కాదు.

భూటాన్ దగ్గరకొచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ పర్యాటకులు రాత్రికి ఇంత అని రుసుము కట్టాలి. భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు, మిగతా దేశాల వాళ్లకు 100 డాలర్లు. పైగా విదేశీయులకు వీసా దరఖాస్తు ఫీజు 40 డాలర్లు. ఐదు రాత్రులుంటే చెల్లికి ఆరు వేల రూపాయలు, ఆమె భర్తకు 540 డాలర్లు. ఒకే గది, ఒకే కొండ, ఒకే భోజనం, రుసుములో మాత్రం అంత తేడా. ప్రపంచంలో చాలా చోట్ల జర్మన్ పాస్‌పోర్టే గట్టిది. ఈ రెండు దేశాల్లో మాత్రం మనదే పైచేయి.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఈ దారిలో నాకు భయమేసింది ఇండియా వీసా గురించి. విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఈ-టూరిస్ట్ వీసా మూడు రకాలు: 30 రోజులది, ఏడాదిది, ఐదేళ్లది. 30 రోజులది చవక, అందుకే చాలామంది కళ్లు మూసుకుని దాన్నే తీసుకుంటారు. దాంతో ఇండియాలోకి రెండే రెండు సార్లు రావచ్చు. ఇప్పుడు లెక్క వేయండి. జర్మనీ నుంచి వచ్చి దిగడం ఒకటి. నేపాల్ వెళ్లి తిరిగి రావడం రెండు. తర్వాత భూటాన్ వెళ్తే మళ్లీ ఇండియాలోకి రావడానికి ఆ వీసా పనికిరాదు. సామానంతా ఆమదాలవలసలో, మనిషి భూటాన్ విమానాశ్రయం ఉన్న పారోలో. ఐదేళ్ల వీసా అయితే ఎన్నిసార్లైనా రావచ్చు. రెండు మూడు దేశాలు తిరిగొచ్చే అల్లుడికి అదే సరైనది.

ఇంకోటి: ఈ-వీసా మీద ఎక్కడ పడితే అక్కడ దేశంలోకి రావడానికి లేదు, నిర్ణయించిన చోట్ల నుంచే రావాలి. విశాఖపట్నం, కోల్‌కతా, బాగ్డోగ్రా విమానాశ్రయాలు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో హౌరా వైపు రైలెక్కి, కోల్‌కతా నుంచి పారోకి విమానంలో వెళ్లి, అదే దారిన వెనక్కి రావడం నయం. బస్సులో సరిహద్దు దాటుదామనే సరదా మనవాళ్లకు పరవాలేదు, విదేశీయుడితో ఉన్నప్పుడు వద్దు.

థాయ్‌లాండ్, మలేషియా, వియత్నాం

ఇక్కడ మన పాస్‌పోర్టు బలం ఈమధ్యే పెరిగింది. మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఆ సడలింపు 2026 డిసెంబర్ 31 వరకు ఉంటుందని ప్రకటించింది. థాయ్‌లాండ్ 2024 జులైలో 93 దేశాల వాళ్లకు 60 రోజుల వరకు వీసా అక్కర్లేదంది. అందులో మనమూ ఉన్నాం, జర్మనీ కూడా ఉంది. ఆ గడువు తగ్గించాలన్న మాట అక్కడ తర్వాత చాలాసార్లు వచ్చింది కాబట్టి, టికెట్ కొనే రోజున ఒకసారి థాయ్ రాయబార కార్యాలయం సైట్ చూసుకోవడం మంచిది. రెండు దేశాలకూ అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఆగమన కార్డు నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

వియత్నాంలో జర్మన్లకు 45 రోజుల వరకు వీసా అక్కర్లేదు. మనకు మాత్రం ఈ-వీసా కావాలి, ఒక్కసారి వెళ్లడానికి 25 డాలర్లు, 90 రోజుల వరకు ఉండవచ్చు. ఇంట్లో కూర్చుని పెట్టేసుకోవచ్చు. పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా నింపాలి, ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్తున్నామో కూడా సరిగ్గా చెప్పాలి. ఇండోనేషియా అయితే ఇద్దరికీ సమానం: దిగాక తీసుకునే వీసా, తలకు 5 లక్షల రుపయాలు (మన రూపాయలు కాదు, ఇండోనేషియా డబ్బు), 30 రోజులు.

ఈ దారిలో ఒక్క సింగపూర్ దగ్గరే జాగ్రత్త కావాలి. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉండడం ఉత్తరాంధ్ర వాళ్లకి పెద్ద వరం. అయితే సింగపూర్‌లోకి అడుగుపెట్టాలంటే మనకు ముందే వీసా ఉండాలి, జర్మన్ భర్తకు అక్కర్లేదు. ఒకే టికెట్ మీద విమానం మారితే బయటకు రానక్కర్లేదు, కాబట్టి వీసా గొడవ లేదు. చవక కదా అని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయడానికి ఇమ్మిగ్రేషన్ దాటాల్సి రావచ్చు. అప్పుడు భర్త బయటికి వెళ్లిపోతాడు, భార్య లోపలే ఆగిపోతుంది.

వీసా అక్కర్లేదన్నంత మాత్రాన ఖాళీ చేతులతో వెళ్లకూడదు. చెకిన్ కౌంటర్‌లో ఎయిర్‌లైన్ సిబ్బందే తిరుగు టికెట్ అడుగుతారు. వెనక్కి పంపాల్సి వస్తే ఆ భారం ఎయిర్‌లైన్ మీదే పడుతుంది మరి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోవాలి. మన పాస్‌పోర్టును ఒకటికి రెండుసార్లు తిప్పి చూస్తారు, అది మామూలే.

యూరప్

అందరూ కష్టమనుకునేది ఇదే. మామూలు పద్ధతిలో అయితే కష్టమే. షెంజెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి, ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు, 180 రోజుల్లో 90 రోజులు మించకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం కాగితాలు, హోటళ్లు, టికెట్లు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, వేలిముద్రలకు హైదరాబాద్ ప్రయాణం. జర్మన్ భర్త మాత్రం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు.

పెళ్లి సర్టిఫికెట్‌కి విలువ ఉందన్న దారి ఇదే. యూరోపియన్ యూనియన్‌లో 2004లో వచ్చిన ఒక నిబంధన ఉంది, దాని నంబరు 2004/38. దాని ప్రకారం యూరోపియన్ యూనియన్ పౌరుడి భార్య గానీ భర్త గానీ, అతనితో కలిసి, అతని సొంత దేశం కాని వేరే సభ్యదేశానికి వెళ్తుంటే, వీసా ఫీజు లేకుండా, త్వరగా ఇవ్వాలి. చూపాల్సినవి ప్రధానంగా మూడు: పాస్‌పోర్టు, పెళ్లి రుజువు, భర్తతో కలిసి వెళ్తున్నామన్న రుజువు. బ్యాంకు నిల్వ, ఉద్యోగం లెటర్, హోటల్, బీమా చూపాల్సిన అవసరం లేదు. సరిహద్దులో కూడా భర్తతో పాటు యూరప్ పౌరుల వరసలోనే నిలబడవచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. భర్త జర్మన్ కాబట్టి ప్రయాణంలో ముఖ్యమైన దేశం జర్మనీయే అయితే ఈ నిబంధన వర్తించదు, మామూలు పద్ధతిలోనే వెళ్లాలి. ముఖ్యమైన దేశం ఇటలీయో పోర్చుగలో అయి, చివర్లో నాలుగు రోజులు అత్తగారింటికి జర్మనీ వెళ్తే, ఇటలీ లేదా పోర్చుగల్ దగ్గర ఈ వీసా అడగొచ్చు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, భర్త దేశం కంటే పక్క దేశం ద్వారా వెళ్లడమే చెల్లికి సులువు. దీన్ని నమ్మని ఏజెంట్లు చాలామంది ఉన్నారు. వీసా సెంటర్ కౌంటర్‌లో కూడా మామూలు చెక్‌లిస్టు చేతిలో పెట్టి బీమా ఏదని అడగవచ్చు. గొడవ పెట్టుకోకుండా, పౌరుడి కుటుంబ సభ్యురాలినని దరఖాస్తులో ఆ గడిని నింపి, నిబంధన నంబరు చెబితే చాలు. నేరుగా కాన్సులేట్‌కే దరఖాస్తు ఇచ్చే హక్కు కూడా కుటుంబ సభ్యులకు ఉంది.

బ్రిటన్‌ని మాత్రం ఈ ప్రయాణంలో కలపొద్దని చెప్పాను. అది ఈ లెక్కలోకి రాదు. భర్తకు ఆన్‌లైన్ అనుమతి చాలు, భార్యకు పూర్తి వీసా కావాలి. పైగా లండన్ వెళ్లి మళ్లీ పారిస్ రావాలంటే షెంజెన్ వీసా పలుమార్లు ప్రవేశం ఉన్నదై ఉండాలి.

ఇంత సౌకర్యమూ ఒకే కాగితం మీద ఆధారపడి ఉంది, పెళ్లి సర్టిఫికెట్. మన ఇళ్లలో అసలు చిక్కు అక్కడే వస్తుంది. మన పిల్లల టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో గుమస్తా ఆధార్ చూసి మూడో రకంగా రాస్తాడు. అబ్బాయి పేరులో మధ్య పేరు వదిలేస్తాడు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి 30 రోజుల నోటీసు ఇస్తారు కదా, ఆ నోటీసు రోజునే రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టి, వాటిలో ఉన్నట్టే పేర్లు రాయించుకోవాలి. సర్టిఫికెట్ వచ్చాక విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించాలి. అపోస్టిల్ పడ్డాక తప్పు కనిపిస్తే మళ్లీ మొదటికొస్తుంది. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న జంటలకు ఈ దారి ఇంత సులువుగా తెరుచుకోదు, వాళ్లు థాయ్‌లాండ్ వైపు చూడటమే నయం.

నా మాట

మొదటిసారి వెళ్లే జంటకు థాయ్‌లాండ్–మలేషియా. ఇద్దరికీ ముందస్తు వీసా లేదు, ఎవరి కాగితం కోసమూ ఎవరూ ఎదురుచూడక్కర్లేదు, పిన్నీ బాబాయీ కూడా వెంట వెళ్లొచ్చు. నిజానికి ఈ చివరి కారణమే నాకు పెద్దది. అల్లుడి వెంట అత్తమామలు కూడా తిరిగి రాగలిగితే ఆ ఆనందం వేరు. పెళ్లి సర్టిఫికెట్ సరిగ్గా చేతికొచ్చాక రెండో ప్రయాణం యూరప్, ఇటలీ మీదుగా. నేపాల్ ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఐదేళ్ల ఇండియా వీసా ఉంటే చాలు. భూటాన్‌ని మాత్రం ఆ రాత్రి రుసుము చూసి నేను పక్కన పెట్టించాను.

జంట మారితే ఈ వరస కూడా మారుతుంది. సోంపేట వైపు ఓడల్లో పనిచేసే అబ్బాయి ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకున్నాడనుకోండి, యూరప్‌కి ఇద్దరికీ వీసా కావాలి, కుటుంబ నిబంధన వాళ్లకు పనికిరాదు. అదే ఆగ్నేయాసియాలో అమ్మాయికి దాదాపు అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. ఫిలిప్పీన్స్ కూడా 2025 జూన్ నుంచి మనవాళ్లను 14 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. అత్తవారింటికి వెళ్లి రావడానికి అది సరిపోతుంది.

ఇక ఇంటి దగ్గర పని ఒకటి. విదేశీయులు ఎవరింట్లో దిగినా, హోటలైనా సొంతిల్లైనా, 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. ఫామ్-సీ అని అందరూ పిలిచేది అదే. ఇది తెలియని చిన్న లాడ్జిలు విదేశీ పాస్‌పోర్టు చూడగానే గదుల్లేవంటాయి. శ్రీకాకుళంలో ఒక లాడ్జి చెల్లి భర్తను రాత్రి పదకొండుకి అలాగే తిప్పి పంపింది. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ వివరాలు మళ్లీ పంపాలి. పెళ్లి నమోదై రెండేళ్లు నిండాక అల్లుడు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వస్తే ఇండియాలోకి రావడానికి జీవితాంతం వీసా గొడవే ఉండదు. ఆ రెండేళ్లు ఎప్పటికి నిండుతాయో పిన్ని ఇప్పటికే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంది. ఈలోగా తనకీ బాబాయికీ పాస్‌పోర్టుల దరఖాస్తులు పెట్టించాం.