శోధ్‌గంగ: సరిహద్దు తెలుగువాళ్ల చేతికి ఎంతవరకు అందుతుంది?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడల్లో మన ఊళ్ల భాష, చరిత్ర వెతికేవాళ్లకు శోధ్‌గంగ పెద్ద దిక్కు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే కేంద్రం) నడిపే ఈ ఆన్‌లైన్ భాండాగారంలో పిహెచ్.డి. గ్రంథాలు ఉచితం. జనం సొమ్ముతో జరిగిన పరిశోధన జనానికి చేరడం ఎంతో మంచి పని. ఇక్కడి గిరిజన భాష సవరకు గిడుగు రామమూర్తి రాసిన వ్యాకరణాన్ని 1931లో అచ్చువేసిందీ మద్రాసు ప్రభుత్వమే కదా!

చిక్కంతా వెతకడంలోనే. తెలుగు గ్రంథాల పేర్లు చాలా ఇంగ్లీషు లిపిలో ఉంటాయి, అక్షరక్రమం ఒకటిగా ఉండదు. ‘సవర’తో ఆగకుండా సోర, సౌర కూడా కొట్టాలి. పర్లాకిమిడితో పాటు పారలాఖెముండి అనీ చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి రాయగడ, కోరాపుట్ సంగతులకు విశాఖపట్నం జిల్లా పేరుతోనూ వెతకాలి.

గ్రంథం అధ్యాయాలుగా విడివిడి పీడీఎఫ్‌లలో వస్తుంది. ముందు గ్రంథసూచి దించుకుంటే మిగతావి అవసరమో కాదో తేలుతుంది. స్కాన్ పేజీల్లోనూ, యూనికోడ్ కాని పాత ఫాంట్లలోనూ మాట వెతికితే దొరకదు. విషయసూచిక చూసి పేజీలు తిప్పాల్సిందే. ఎక్కించేటప్పుడే తెలుగు శీర్షిక యూనికోడ్‌లో ఇస్తే సగం శ్రమ తప్పుతుంది.

అయిదుకి నాలుగు మార్కులు.