లీజు చెరువు గట్టు మీద 14 లక్షల ట్రైలర్

కారు వెనక తగిలించి లాక్కెళ్లే పన్నెండడుగుల డబ్బా. ఇద్దరు పడుకునే మంచం, గ్యాస్ పొయ్యి, సింకు, మనిషి తిరగడానికి ఇబ్బంది పడే బాత్రూం, ముప్పావు టన్ను ఏసీ. చేతికి వచ్చేసరికి 14 లక్షలయింది. "ఆ డబ్బుకి కారొచ్చేది కదా బావా" అని మా బావమరిది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు. కొన్నేళ్లుగా ఎండలో, వానలో, ఉప్పు గాలిలో వాడుతున్నాను. ఎక్కడ డబ్బు వసూలైందో, ఎక్కడ కాలేదో రాస్తున్నాను.

యాత్రల కోసమే అయితే నా మాట వినండి, కొనొద్దు. 14 లక్షలు 7 శాతం వడ్డీకి వేసుకుంటే ఏడాదికి 98 వేలు. రోజుకి 3 వేల రూములో ముప్పై రెండు రాత్రులు దర్జాగా పడుకోవచ్చు, అసలు కదలదు. పైగా డీజిల్. లీటరుకు 13 ఇచ్చే మా స్కార్పియో, ఇది తగిలిస్తే 9 దాటదు. పెంచలకోన, భైరవకోన, సోమశిల వెళ్లాం. బాగానే ఉంది కానీ, కరెంటు, నీళ్లు తగిలించుకుని ట్రైలర్ ఆపుకునే చోటు మన వైపు వెతికినా కనపడదు. గుడి పార్కింగులో పెడితే కిటికీకి ముఖాలు ఆనించి "లోపల బాత్రూం కూడా ఉందా అన్నా?" అని అడిగేవాళ్లే. ఒక్క దోర్నాల దగ్గర మాత్రం నిజంగా అక్కరకొచ్చింది. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, మేం చేరేసరికి గేటు పడిపోయింది. మా ఆవిడ, పాప లోపల హాయిగా నిద్రపోయారు. నేను కారు సీట్లో.

మరి ఎందుకు ఉంచుకున్నానంటే, చెరువుల కోసం. మాకు నెల్లూరు దగ్గర మైపాడు వైపు లీజుకు తీసుకున్న రొయ్యల చెరువులుండేవి. వన్నామి రకం రొయ్య వేసినవాళ్లకి తెలుసు, పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా దాదాపు నాలుగు నెలలు రాత్రి నిద్ర ఉండదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ టైములో కరెంటు పోయి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, పంట మొత్తం పైకి తేలుతుంది. అందుకే యజమాని గట్టు మీదే ఉండాలి. రేకుల షెడ్డులో మే నెల రాత్రి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. స్లాబు గది కడదామా అంటే, లీజు అయిపోయాక అది భూమి ఉన్న రైతుదే. చక్రాల మీద ఉన్న గదికి ఆ బాధ లేదు. లీజు మారి ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు వెళ్లినప్పుడు, సామాన్లు కూడా దించకుండా లాక్కెళ్లిపోయాం.

గట్టు మీద కరెంటు, జనరేటర్ రెండూ ఉంటాయి కాబట్టి ఏసీకి ఢోకా లేదు. బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ నడుస్తుందని అమ్మేవాళ్లు చెబితే మాత్రం ఈ లెక్క అడగండి. 12 వోల్టులది, 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది 2.4 యూనిట్లు. ఏసీ గంటకు ముప్పావు యూనిట్ లాగితే మూడు గంటల్లో ఖాళీ. ఫ్యానుకి, లైట్లకి, ఫోన్లకి అయితే రెండు రాత్రులొస్తుంది.

రేటులో ఎక్కువ భాగం దేనికి పోయిందో మొదటి నవంబరులోనే తెలిసింది. మా స్నేహితుడొకడు 6 లక్షల్లో ప్లైవుడ్ ఫ్రేముకి రేకు కొట్టించి ఇలాంటిదే చేయించాడు. మన నెల్లూరు తీరంలో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, అదీ అడ్డంగా కొట్టే వాన. రేకు అతుకుల్లోంచి నీళ్లు దిగి, రెండో సీజనుకే వాడి గోడ అడుగున ప్లైవుడ్ ఉబ్బిపోయి, వేలు పెడితే లోపలికి దిగుతోంది. నాది ఫైబర్ బాడీ, పై భాగం ఒకటే ముక్క, గోడల మధ్య ఫోము. ఇంతవరకు చుక్క కారలేదు. ఛాసిస్ మొత్తం జింకులో ముంచి తీసినది కావడంతో తుప్పూ పట్టలేదు. అయితే ఇంత తీసుకున్నవాళ్లు లోపలి అల్మరా బందులకు మామూలు స్క్రూలు వేశారు! ఏడాదిలో ఎర్రటి పొడి రాలడం మొదలైంది. ఒక్కొక్కటీ పీకి స్టీలువి వేయించుకున్నాను. ఫోన్ చేస్తే "సముద్రం దగ్గర మామూలే సార్" అన్నారు.

పొయ్యి, సింకు, టేకు పొర అతికించిన డైనింగు బల్ల శుద్ధ దండగ. గట్టు మీద వంట బయటే చేస్తారు. బోరు నీళ్లు ఉప్పన, అందుకని సింకు కింద ఇరవై లీటర్ల క్యాను పెట్టుకున్నాం, ట్యాంకు వాడటం లేదు.

లాగేటప్పుడు బరువు ఎక్కడుందన్నదే ప్రాణం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. అంటే నా 900 కిలోల దానికి 90 నుంచి 135 కిలోలు. ఒకసారి మా చెరువు కుర్రాడు చోటుంది కదా అని నాలుగు మేత బస్తాలు వెనక డిక్కీలో సర్దాడు. టంగుటూరు దాటాక ఒక ప్రైవేటు బస్సు పక్క నుంచి దూసుకుపోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. అప్పుడు స్టీరింగ్ తిప్పకూడదు, బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి స్పీడు దానంతటదే తగ్గనివ్వాలి. ఆ నిమిషం టెన్షన్ మాటల్లో చెప్పలేను. బస్తాలు మంచం కిందికి, ఇరుసు మీదికి జరిపాక ఒంగోలు దాకా తిన్నగా వచ్చింది.

నాలుగు నెలలు ఒకేచోట నిలబెడితే టైర్లు పాడవుతాయి. జాకీ పెట్టి లేపి, చక్రాలకు గోనె కప్పండి. కదిలించే ముందు బేరింగుల్లో గ్రీజు చూసుకోండి. రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు దీనికి విడిగా ఉండాలి.

మొన్న కావలి ఆయనొకరు వచ్చి చూసి 9 లక్షలకు బేరమాడారు. పిల్లలతో ఊర్లు తిరగడానికట. పైన రాసిన వడ్డీ లెక్క ఆయనకీ చెప్పి, పంట చేతిలో ఉంది, ఇప్పుడివ్వనన్నాను.