వాలెట్టా, యూపీఐనా?

2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు మన దేశంలో చాలామంది చేతికి ముందుగా అందింది ఫోన్‌లోని వాలెట్ యాప్. బ్యాంకు ఖాతాలోంచి కొంత డబ్బు అందులో వేసుకుని, అయిపోయేదాకా వాడుకోవాలి. అప్పట్లో ఒక కంపెనీ వాలెట్ నుంచి మరో కంపెనీ వాలెట్‌కు డబ్బు వెళ్లేది కాదు. కూరగాయల బండివాడి దగ్గర వేరే వాలెట్ ఉందంటే, మళ్లీ చిల్లర కోసం జేబులు తడుముకోవలసిందే.

అదే ఏడాది వచ్చిన యూపీఐ ఈ చిక్కు తీర్చింది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ రూపొందించిన ఈ ఏర్పాటులో డబ్బు ఒక ఖాతాలోంచి నేరుగా మరో ఖాతాలో పడుతుంది. యాప్ ఎవరిదైనా ఫరవాలేదు. 2020 జనవరి నుంచి వ్యాపారికి కమీషన్ బాధ కూడా తప్పింది. (ఆ ఖర్చు ఎవరు మోయాలన్న పేచీ బ్యాంకులకు ఇంకా తెగలేదనుకోండి.) టీ కొట్టులో పది రూపాయలు పడగానే స్పీకరు గట్టిగా చెబుతుంది. పాలు పొంగకుండా చూసుకుంటున్న యజమాని తల తిప్పనక్కరలేదు. రోజువారీ లావాదేవీలకు నా ఓటు దీనికే.

అలాగని వాలెట్‌ను తీసిపారేయలేం. మోసపోయినా అందులో ఉన్నంతవరకే నష్టం. ఖాతా మొత్తానికి ఎసరు రాదు. 2022లో వచ్చిన యూపీఐ లైట్ ఈ పద్ధతినే అరువు తెచ్చుకుంది: కొంత సొమ్ము విడిగా ఉంచుకుంటే చిన్న చెల్లింపులకు పిన్ అడగదు, బ్యాంకు స్టేట్‌మెంట్ నిండా సమోసాల పద్దులూ కనిపించవు.