పై అర్ర అదురు ఆగింది: దంతెల కింద ఇనుప గడ్డర్ వేసి ఆరేళ్లు

వరంగల్ మట్టెవాడలో మా ఇల్లు తాత కట్టించింది. అడుగున్నర మందం ఇటుక గోడలు, పై అర్ర (మేడ మీది గది) నేలను మోసేవి టేకు దంతెలు, అంటే గోడ నుంచి గోడకు వేసిన కర్రలు. వాటి మీద పలకలు, పలకల మీద నాలుగంగుళాల మట్టి, సున్నం. అర్ర 12 అడుగులకు 14. పైన ఎవరు నడిచినా అద్దాల బీరువాలో గ్లాసులు గలగలమనేవి. కింద అమ్మ మంచం మీద మట్టి రాలేది. పిల్లలు పైన ఆడుతున్నారంటే ఆమె లేచి వాకిట్లోకి వచ్చి కూర్చునేది.

2019 వేసవిలో బాగు చేయించబోయి మొదట తప్పు పనే చేశాం. "పైన గట్టిగా వేస్తే కదలదు సార్" అని కాంట్రాక్టర్ ఆ మట్టి మీదే రెండంగుళాల సిమెంటు మాలు పరిచి టైల్స్ వేశాడు. దీపావళికల్లా టైల్స్ పగిలాయి. అదురు తగ్గకపోగా అర్ర నడుమ కుంగింది. మాలు బరువు చదరపు అడుగుకు తొమ్మిది, పది కిలోలు. అంటే మా అర్ర మీద టన్నున్నర అదనంగా ఎక్కించామన్నమాట. అప్పటికే అక్కడ రెండున్నర టన్నుల మట్టి ఉంది.

తర్వాత తెలిసిన రిటైర్డ్ ఇంజినీర్ ఒకాయన వచ్చి చూశారు. ముందు పైనున్నదంతా తీయించారు. స్క్రూడ్రైవర్‌తో ప్రతి దంతె చివర గోడలోకి పోయే చోట పొడిచి చూశారు. మూడు దంతెలు చెదలు తిని మెత్తబడ్డాయి. వాటి పక్కన కొత్త టేకు కర్రలు గోడ నుంచి గోడ దాకా ఆనించి బోల్టులు బిగించాం. చివర పుచ్చిపోయాక నడుమ ఎంత ఊతమిచ్చినా లాభం లేదని ఆయన గట్టిగా చెప్పారు.

అసలు పని గడ్డర్‌ది. దంతెలకు అడ్డంగా, సరిగ్గా నడుమ, కింది వైపు నుంచి ఎనిమిదంగుళాల ఐ సెక్షన్ (ఇంగ్లిష్ I ఆకారంలో ఉండే ఇనుప దూలం) వేశాం. మీటరుకు 25 కిలోల చొప్పున మొత్తం దాదాపు 115 కిలోలు. ఎత్తడానికి ఆరుగురు పట్టారు. 12 అడుగుల దంతె అప్పుడు రెండు ఆరడుగుల ముక్కల్లా పనిచేస్తుంది. పొడవు సగమైతే అడుగు వేసినప్పుడు వంగేది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గడ్డర్‌ను నేరుగా ఇటుక మీద పెడదామని మేస్త్రీ అన్నాడు, మేం ఒప్పుకోలేదు. రెండు చివరలా గడ్డర్ ఆనడానికి గోడలో కాంక్రీటు దిమ్మలు (బెడ్ బ్లాకులు) పోసి, పది రోజులు నీళ్లు కొట్టాకే ఎక్కించాం. పాత గోడలున్న వాళ్లు ఈ ఒక్కచోట తొందరపడొద్దు, బరువంతా చివరికి వచ్చి కూర్చునేది అక్కడే. పైన మట్టి బదులు పలకల మీద 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ స్క్రూలతో బిగించాం. టైల్స్ తీయించిన కూలి కాకుండా గడ్డర్ పనికి 26 వేలు అయింది.

ఇక ఆరేళ్ల అనుభవం. అదురు పోయింది. గ్లాసులు మోగవు, మట్టి రాలదు. పిల్లలు గెంతినా అమ్మ మంచం దిగదు. నాకు ఈ ఖర్చంతా ఆ ఒక్కదానికే చెల్లిపోయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి ఎండాకాలమే కిర్రు కిర్రు మొదలైంది. పాత దంతెలన్నీ ఒకే మట్టంలో ఉండవు కాబట్టి, వాటికీ గడ్డర్‌కీ మధ్య సందుల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టారు. వానాకాలం ఉబ్బిన చెక్క మన ఎండలకు ఆరి కుంచించుకుపోయింది. రెండేళ్లు మళ్లీ మళ్లీ కొట్టి విసిగి, మూడో ఏడు వాటి స్థానంలో పలుచటి ఇనుప రేకు ముక్కలు పెట్టించాను. అప్పటి నుంచి చప్పుడు లేదు. మొదటే అవి పెట్టించాల్సింది.

ఇంకోటి, ఎవరూ ముందు చెప్పనిది: మట్టి తీసేశాక పైన నడిచే అడుగుల చప్పుడు కిందికి ఎక్కువగా వినిపిస్తోంది. ఆ బరువు చప్పుడును కూడా ఆపేదని అప్పుడు అర్థమైంది. మందపాటి జంపఖానా పరిచాక కొంత నయం. గడ్డర్ వల్ల కింద ఎనిమిదంగుళాల ఎత్తు తగ్గి ఫ్యాన్‌ను పక్కకు జరపాల్సి వచ్చింది. గడ్డర్‌కు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, దాని మీద రెండు పూతలు పెయింటు వేసినా, వాన నెమ్ము తగిలే గోడ వైపు నాలుగో ఏట తుప్పు కనిపించింది. గీకించి మళ్లీ పూత వేయించాను. ఇప్పుడు ఏటా వానలకు ముందు టార్చి పట్టుకుని ఆ చివర, దంతెల చివరలు చూస్తాను. ఈసారి చెదలు లేవు, తుప్పు లేదు.