చేతికి వెచ్చగా తగిలిన ఇంజిన్: స్టువర్ట్‌లో పాత ఫిషింగ్ బోటు బేరం

శుక్రవారం ఉదయం ఎనిమిదికి పది నిమిషాల ముందే మెరీనాకు (బోట్లు కట్టేసే రేవుకు) చేరాం. మెకానిక్ బోటెక్కి, ఇంజిన్ల మీది మూత ఎత్తి, ఒకదాని మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే 138 డిగ్రీల ఫారన్‌హీట్. మేం వచ్చేదాకా ఇంజిన్లు స్టార్ట్ చేయొద్దని మెయిల్లో రెండుసార్లు రాశాను. అడిగితే బ్రోకర్, "బిల్జ్ పంపు పనిచేస్తోందో లేదో చూద్దామని ఓ ఐదు నిమిషాలు నడిపా" అన్నాడు. బోటు అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు బ్యాటరీ మీద నడుస్తుంది. దానికి ఇంజిన్‌తో పనేంటి? ఆ ఐదు నిమిషాల సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మేం ముగ్గురం: నేను, మా ఆవిడ, మా బామ్మర్ది. అట్లాంటా నుంచి ఫ్లోరిడాలోని స్టువర్ట్‌కు కారులో తొమ్మిది గంటలు పట్టింది. ప్రకటనలో ఉన్నది 1987 మోడల్, 33 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్పోర్ట్‌ఫిషర్ (సముద్రంలో సరదాగా చేపలు పట్టే బోటు), రెండు డీజిల్ ఇంజిన్లు, ధర 46,500 డాలర్లు. నేనూ బామ్మర్దీ చెరి సగం వేసుకుందామనుకున్నాం. దారంతా వాడికి ఒకటే ధ్యాస. 1960లో మయామీ నుంచి నసావు దాకా జరిగిన రేసులో రే హంట్ అనే డిజైనర్ గీసిన డీప్-వి, అంటే లోతైన వి-ఆకారపు, అడుగు భాగంతో 'మాపీ' అనే బోటు ఎలా గెలిచిందో, మరుసటి ఏడాది దాని నుంచే బెర్‌ట్రామ్ 31 అనే మోడల్ ఎలా వచ్చిందో జార్జియా సరిహద్దు దాటేలోపు నాకు మూడుసార్లు చెప్పాడు. మా ఆవిడ వెనక సీట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకుంది. మేం చూడబోయేది బెర్‌ట్రామ్ కాదు, కానీ ఆ తరహా వి-ఆకారపు అడుగే. అలల్ని కొట్టుకుంటూ కాకుండా కోసుకుంటూ పోతుంది. అంతవరకు వాడి మాట నిజమే.

స్టువర్ట్ చిన్న ఊరు, శుభ్రంగా ఉంటుంది. ప్రపంచ సెయిల్‌ఫిష్ (ఒక సముద్రపు చేప) రాజధాని అని తనను తానే చెప్పుకుంటుంది. నది ఒడ్డున నడవడానికి చెక్క బాట ఉంది, పెలికాన్లు మనుషుల్ని లెక్కచేయవు. మాహి చేప శాండ్‌విచ్ 19 డాలర్లు, బాగుంది. మోటెల్ మాత్రం వద్దు. 'మెరీనా వ్యూ' అన్నారు, కిటికీ తెరిస్తే ఐస్ మెషీన్. అది రాత్రి రెండింటికి కూడా రాళ్లు దొర్లించినట్టు ఐసు దింపుతూనే ఉంది. గది 129 డాలర్లు, దాని మీద రోజుకు 15 డాలర్ల రిసార్ట్ ఫీజు. ఈత కొలనుకు తాళం వేసి ఉంటే ఆ ఫీజు దేనికని అడిగాను. తువ్వాళ్లకట.

సర్వేయర్, అంటే బోటును పరీక్షించే నిపుణుడు, రావడానికి ముందు రోజు, గురువారం సాయంత్రం, మాకు మేమే బోటు చూసుకున్నాం. నిజానికి ఈ పని అడ్వాన్సు కట్టకముందు చేయాలి. మేం ఫొటోలు చూసి పది శాతం, అంటే 4,650 డాలర్లు ముందే కట్టేశాం. తప్పు మాదే. కాకపోతే సర్వే, సీ ట్రయల్ (నీళ్లలో నడిపి చూడటం) నచ్చకపోతే ఫలానా తేదీలోపు డబ్బు వెనక్కి తీసుకోవచ్చని ఒప్పందంలో రాయించాను. ఆ ఒక్క వాక్యమే మమ్మల్ని కాపాడింది.

బోటు వెనక గోడకు కుడివైపు పై మూలన హల్ నంబర్, అంటే బోటు గుర్తింపు సంఖ్య, ఉంటుంది, పన్నెండు అక్షరాలు, అంకెలు. 1984 ఆగస్టు తర్వాత తయారైన బోట్లయితే చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఫోన్ లైటు వేసి చూశాను. 85. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే, "మొదట రిజిస్టర్ అయింది 87లో, అందుకే అలా రాశాం" అన్నాడు. బామ్మర్ది కూడా "రెండేళ్లకేముంది బావా" అన్నాడు. వాడప్పటికే బోటుకు పేరు కూడా పెట్టేశాడు.

అసలు విషయం పట్టింది మా ఆవిడ. క్యాబిన్‌లోకి దిగి రెండు నిమిషాలు నిలబడి, "కొత్త కార్పెట్ ఎందుకేశారు?" అంది. జిగురు వాసన వస్తోంది, దాని కింద నుంచి తడిబట్ట వాసన. బట్టల అల్మరా తలుపు తీసి లోపలి పలక చూపించింది. కిటికీ మూల నుంచి కింది దాకా టీ రంగులో నీటి చార. మేమిద్దరం రాడ్లు పెట్టే గొట్టాలు లెక్కపెట్టుకుంటున్నాం అప్పుడు.

సర్వేయర్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. బ్రోకర్ చెప్పిన మనిషిని వద్దని, సర్వేయర్ల సంఘం జాబితాలో వెతికి పెట్టుకున్న పెద్దాయన. బోటు పొడవు అడుగుకు 28 చొప్పున 924 డాలర్లు. చేతిలో చిన్న ప్లాస్టిక్ సుత్తి, అంతే. డెక్ మీద మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరికాయ చూసినట్టు కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్, ఉన్నట్టుండి బొద్. బొద్ అన్నచోటల్లా టేపు ముక్క అంటించాడు. గంట తర్వాత చూస్తే చేపతో పోరాడేటప్పుడు కూర్చునే కుర్చీ చుట్టూ నీలం టేపు ముగ్గేసినట్టుంది. డెక్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క. కుర్చీ బోల్టుల కోసం చేసిన రంధ్రాలకు సరిగా సీల్ వేయకపోవడంతో నీరు దిగి, లోపలి చెక్క తడిసిన అటుకుల్లా అయింది. పైన మాత్రం కొత్త పెయింట్ మెరుస్తోంది.

ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, దాని లోపల దాచిన చెక్క కుళ్లుతుంది. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తున్నది ఇదే. పాతకాలం వాళ్లకు రెసిన్ (ఫైబర్‌గ్లాస్‌ను గట్టిపరిచే జిగురు) మీద పూర్తి నమ్మకం కుదరక అడుగు భాగాన్ని మందంగా పోశారట, అందుకే ముప్పై నలభై ఏళ్లయినా నిలుస్తోంది. క్రేన్‌తో పైకెత్తినప్పుడు (528 డాలర్లు, అడుగుకు 16) చూస్తే అడుగున చిన్న చిన్న పొక్కులు ఓ పాతిక. వాటిని ఆయన పట్టించుకోనే లేదు. తేమ మీటరు అక్కడ పెట్టలేదేమని బామ్మర్ది అడిగితే, ఇప్పుడే నీళ్లలోంచి తీశాం, పైగా రాగి కలిసిన పెయింట్, మీటరు ఎటూ తప్పే చెబుతుంది అన్నాడు. ఇంజిన్లు కూర్చున్న స్ట్రింగర్ల దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాడు. ఫైబర్‌గ్లాస్ తొడిగిన చెక్క దూలాలవి. కుడి ఇంజిన్ కింద శబ్దం చచ్చిపోయింది. బోల్టు తలల చుట్టూ తుప్పు కారి ఉంటే దాని మీద తెల్ల పెయింట్ వేశారు. డీజిల్ ట్యాంకు అల్యూమినియంది, కాక్‌పిట్ (వెనకవైపు తెరిచి ఉన్న డెక్) నేల కింద, బోటుతో పాటు వచ్చిందే. మార్చాలంటే నేల కోయాలి.

అన్నింటికీ ఒకే గొంతు ఆయనది. భయపెట్టలేదు, ఓదార్చలేదు. మధ్యాహ్నానికి బామ్మర్ది మాట్లాడటం మానేశాడు.

ఇక ఇంజిన్లు. పాత డీజిల్ ఇంజిన్ గుట్టు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది, వేడెక్కిస్తే కుర్రదానిలా స్టార్ట్ అవుతుంది. అందుకే మెకానిక్ ఆ రోజు ఆయిల్ శాంపిళ్లు తీసుకుని (రెండింటికి 80 డాలర్లు), రేపు పొద్దున్నే వస్తానన్నాడు. అతనికి 650కి తోడు ఇంకో 150, మాకు ఐస్ మెషీన్ పక్కన మూడో రాత్రి. పన్నులతో మోటెల్ బిల్లు మొత్తం 484 అయింది. ఆ నూటయాభై, ఆ మూడో రాత్రి: బ్రోకర్ ఐదు నిమిషాల ఖరీదు అది.

శనివారం ఆరున్నరకే వెళ్లి బోటు పక్కన కాపలా కూర్చున్నాం. మా ఆవిడ కాఫీ ఫ్లాస్కుతో సహా వచ్చింది. ఇంతదాకా వచ్చాక చివరంటా చూడాల్సిందే అంది. ఎడమ ఇంజిన్ రెండు తిప్పులకే అందుకుంది. కుడిది నలభై సెకన్లు గింజుకుని, తెల్లటి పొగ కక్కి, అప్పుడు అంటుకుంది. కాలని డీజిల్ పొగ అది. కాసేపటికి పోతే ఫరవాలేదన్నాడు మెకానిక్. పదిహేను నిమిషాలైనా పోలేదు, నీటి మీద నూనె తెట్టు కూడా కట్టింది. తర్వాత మెనటీలనే నీటి జంతువుల కోసం వేగం తగ్గించాల్సిన నదిలో అరగంట మెల్లగా పోయి, ఖాళీ నీళ్లలోకి రాగానే పూర్తిగా తెరిచారు. నిమిషానికి 2,800 సార్లు తిరగాల్సిన చోట ఎడమది 2,780 వరకు వచ్చింది. కుడిది 2,450 దగ్గర ఆగి, ఉష్ణోగ్రత 205 దాటింది. చాలు, వెనక్కి తిప్పమన్నాడు మెకానిక్.

బోటు మీద 2,332 డాలర్లు పోయాయి. నాకేం బాధ లేదు. బాధంతా బ్రోకర్ సీ ట్రయల్ డీజిల్ కింద మా అడ్వాన్సులోంచి 180 డాలర్లు కోసుకోవాలని చూసినందుకు. ఒప్పందంలో లేని ఖర్చు అది. నాలుగు మెయిళ్లు రాశాక పదకొండో రోజున పూర్తి 4,650 వెనక్కి వచ్చింది. మీరు వెళ్తే, డీజిల్ ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి. ఇంజిన్ ముట్టుకోవద్దని కూడా మెయిల్లో కాదు, ఒప్పందంలోనే రాయించండి.

ఆ మర్నాడు బ్రోకర్ ఫోన్ చేశాడు. సర్వే రిపోర్టు ఎలాగూ మీకు పనికిరాదు కదా, నాకు పంపుతారా అని. సగం ధర, 462 డాలర్లు ఇస్తే పంపుతానన్నాను. పెట్టేశాడు. వారం తర్వాత బామ్మర్ది ఆ ప్రకటన మళ్లీ చూపించాడు. ధర రెండు వేలు తగ్గింది, కింద కొత్తగా ఒక వాక్యం చేరింది: 'ఇటీవలే సర్వే పూర్తయింది'. మోడల్ మాత్రం ఇంకా 1987 అనే ఉంది.